వైజాగ్ నుంచి భీమిలి దాకా ఒక్క రోజులో ఎలా చూడాలి? వెనక నుంచి మొదలుపెట్టండి

వైజాగ్‌లో ఉంటున్నామంటే చాలు, ఏడాదికి కనీసం పది మంది అడుగుతారు. "ఒక్క రోజే టైముంది, భీమిలి వైపు ఏమేం చూడొచ్చు?" అని. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పడం, అయినా వాళ్ళు మళ్ళీ అదే తప్పు చేసి ఎండకి మాడిపోయి రావడం, ఇదంతా ఎందుకని ఒకసారి వివరంగా రాసేస్తున్నాను.

ఆ తప్పేంటంటే, అందరూ దగ్గరున్న వాటితో మొదలుపెడతారు. హోటల్లో తొమ్మిదింటికి టిఫిన్, పదిన్నరకి కైలాసగిరి, పన్నెండుకి రుషికొండ, మిట్టమధ్యాహ్నం బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి వెళ్ళేసరికి చీకటి. మా బావగారి కుటుంబం హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు నేనూ సరిగ్గా ఇలాగే తిప్పాను. తొట్లకొండ మీద రాళ్ళు కాలుతుంటే పిల్లలు ఏడుపు, మంగమారిపేటలో సముద్రం పోటు మీద ఉండి రాతి తోరణం కిందికి అడుగు పెట్టే వీలే లేదు, దిబ్బల దగ్గర ఫోన్ టార్చి వేసుకుని "ఇదిగో ఇదే ఎర్ర మట్టి" అని చూపించాను. ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతారు.

అందుకే చెప్తున్నా, ఈ రోడ్డుని కిలోమీటర్ల లెక్కన ప్లాన్ చేయకండి, ఎండని బట్టీ సముద్రం ఆటుపోట్లని బట్టీ చేయండి. పొద్దున్నే దూరంగా ఉన్న చోటికి వెళ్ళిపోయి, చూసుకుంటూ సిటీ వైపు వెనక్కి రండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద 30 కిలోమీటర్లలోపే, పొద్దున్న ఖాళీ రోడ్డు మీద గంట కూడా పట్టదు.

ఏమేం కావాలి

బండి. సొంత కారో బైకో ఉంటే సరే, లేకపోతే రోజుకి మాట్లాడుకున్న కారు లేదా ఆటో. మాట్లాడుకునేటప్పుడే "తొట్లకొండ పైదాకా, బావికొండ పైదాకా ఎక్కాలి" అని ముందే తేల్చుకోండి. నాకు ఒకసారి కొండ కిందే బండి ఆపేసి, పైకి వెళ్ళాలంటే ఇంకో మూడొందలు అన్నాడు డ్రైవర్, ఆ ఎండలో బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. బస్సు అయితే రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే 900కె ఉంది. 999 కూడా భీమిలే వెళ్తుంది కానీ హైవే మీదుగా పోతుంది, దారిలో సముద్రం కనపడదు, మనకి కావాల్సిన స్టాపులూ ఉండవు. చాలామంది ఇక్కడే పొరపడతారు.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. కొండల మీద కొనుక్కుందాం అనుకోకండి.

పాత బూట్లు గానీ వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ. తెల్ల బూట్లు మాత్రం వద్దు, దిబ్బల మట్టి ఎందుకు వద్దంటున్నానో మీకే చెప్తుంది. టోపీ, గొడుగు, ఒక తువ్వాలు, చిల్లర డబ్బులు. టికెట్లూ పార్కింగూ అంతా చిన్న చిన్న మొత్తాలే కానీ కొన్ని చోట్ల సిగ్నల్ లేక ఫోన్ పే చక్రంలా తిరుగుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ రోజు విశాఖపట్నం ఆటుపోట్ల టైము. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళ సైట్లో దొరుకుతుంది, ఫోన్లో బోలెడు యాప్‌లూ ఉన్నాయి. ఇది లేకుండా రాతి తోరణం దగ్గరికి వెళ్ళడం లాటరీ టికెట్ కొన్నట్టే.

ఏ నెలలో రావాలి అంటే, నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న తొమ్మిది దాటితే ఉక్కపోతకి ప్రాణం పోతుంది. అక్టోబరు, నవంబరు మొదట్లో తుఫాన్ల భయం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆ రోజు ఇక్కడున్న వాళ్ళెవరూ ఆ నెలని తేలిగ్గా తీసుకోరు. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పేపర్లో కనిపిస్తే, అది ఒకటో నంబరైనా సరే, నీళ్ళ అంచుకి వెళ్ళే ప్లాన్లన్నీ మానుకోండి. సోమవారం కూడా వద్దు, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు.

ఇక అసలు పని

1. ముందు రోజు రాత్రి: ఆటు టైము చూసుకోండి

సముద్రం నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళే సమయం ఆటు, ముందుకొచ్చేది పోటు. రోజుకి సుమారుగా రెండు ఆట్లు, రెండు పోట్లు. ఇవాళ ఆటు పదింపావుకి ఉంటే రేపు దాదాపు పదకొండూ అయిదుకి ఉంటుంది, అంటే రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీళ్ళు మామూలు కన్నా ఎక్కువ వెనక్కి వెళ్తాయి, అలాగే పోటప్పుడు ఎక్కువ ముందుకొస్తాయి.

మీకు కావాల్సింది ఆటు టైముకి ముందు గంట, తర్వాత గంట. ఆ రెండు గంటల్లో మంగమారిపేటలో ఉండేలా మిగతా రోజంతా అటూ ఇటూ జరుపుకోండి. ఆటు పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 2 మధ్యలో ఉంటే నేను కింద రాసిన వరుస అలాగే సరిపోతుంది. తెల్లారి ఆరింటికే ఉంటే ముందు తోరణం చూసి తర్వాత దిబ్బలకి పొండి. సాయంత్రం నాలుగైదుకి ఉంటే తొట్లకొండ మధ్యాహ్నం మూడింటికి చూసేసి కిందికి దిగండి, తోరణం ఆ కొండ కిందే. రెండు ఆట్లూ చీకట్లోనే పడితే? ఆ రోజు తోరణాన్ని దూరం నుంచి చూసి ఊరుకోండి, అంతే.

ఎక్కువమంది చేసే పొరపాటు: యాప్‌లో ఊరు మార్చకుండా చూడటం. చెన్నై టైమో కాకినాడ టైమో చూసుకుని వచ్చిన వాళ్ళున్నారు. పైన "విశాఖపట్నం" అని ఉందో లేదో చూసుకోండి.

2. తెల్లవారుజామున: తిన్నగా ఎర్రమట్టి దిబ్బలకి

వేసవిలో అయిదున్నరకే తెల్లారిపోతుంది, డిసెంబరు చివర్లో ఆరూ ఇరవై దాటుతుంది. సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా దిబ్బల దగ్గర ఉండేట్టు బయల్దేరండి. దారిలో రుషికొండ, మంగమారిపేట అన్నీ వస్తాయి, ఆగకండి. ఆగాలనిపిస్తుంది, తూర్పున సముద్రం మీద ఆకాశం అలా ఉంటుంది మరి, అయినా ఆగకండి. ఐఎన్ఎస్ కళింగ అనే నేవీ స్థావరం దాటాక, భీమిలి ఇంకా కొన్ని కిలోమీటర్లుందనగా రోడ్డు పక్కన ఎర్రగా కనిపిస్తాయి. బస్సులో అయితే కండక్టర్‌కి "ఎర్రమట్టి దిబ్బల దగ్గర దింపండి" అని ముందే చెప్పి పెట్టుకోండి.

ఇంత పొద్దున్నే ఎందుకంటే రంగు కోసం. ఏటవాలుగా పడే ఎండలో ఆ మట్టి నిజంగా నిప్పు రంగులో ఉంటుంది. గోడల మీద వాన కోసిన గీతలన్నీ నీడలతో లేచి కనపడతాయి. పదకొండింటికి చూస్తే అదే చోటు వెలిసిపోయిన ఇటుకల బట్టీలా ఉంటుంది. "ఫొటోల్లో చూసినట్టు లేదండీ" అనే వాళ్ళంతా మధ్యాహ్నం వెళ్ళిన వాళ్ళే.

థియరీ కొంచెమే చెప్తాను. వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటి కన్నా బాగా వెనక్కి ఉన్నప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎగరేసి ఇక్కడ పోగేసింది. ఆ ఇసుక రేణువులకి కాలక్రమంలో ఇనుము తుప్పు పట్టినట్టు పూత పట్టి ఎర్రబడ్డాయి. తర్వాత వాన నీళ్ళు గెడ్డలై, అంటే వాగులై, దాన్ని కోసుకుంటూ పోయి ఈ లోయలు చేశాయి. ఇలాంటివి తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేవని చెప్తారు. జియలాజికల్ సర్వే వాళ్ళు దీన్ని భూ వారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. ఆ జాబితాలో తిరుమల కొండలు కూడా ఉన్నాయి.

లోపలికి దిగాక రెండు జాగ్రత్తలు. ఒకటి, గోడలు ఎక్కొద్దు, గోడల కిందే కూర్చోవద్దు. చూడటానికి రాయిలా ఉంటుంది కానీ అది పట్టు వదిలేసే ఇసుక. చేత్తో ఒక అంచుని ఊరికే ముట్టుకుని చూడండి, పంచదార పాకం ఉండ చిట్లినట్టు పొడిపొడిగా రాలుతుంది. మీరు పట్టుకుని ఎక్కబోయేది దాన్నే. వాన పడిన మర్నాడు ఇంకా ప్రమాదం. రెండు, దారి తప్పడం. గెడ్డ పాయలు చెట్టు కొమ్మల్లా చీలిపోతూ పోతాయి. వెళ్ళేటప్పుడు అంతా ఒకటే దారిలా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ప్రతి మలుపులోనూ రెండు దారులు కనపడతాయి. చీలిక వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి, తిరుగు ప్రయాణంలో మీకు కనపడబోయేది ఆ దృశ్యమే కాబట్టి. బాణం గుర్తులు గోడ మీద గీయకండి, దయచేసి. ఇప్పటికే పేర్లూ గుండె బొమ్మలూ చాలానే ఉన్నాయి. దారి నిజంగానే తెలియకపోతే సముద్రం హోరు ఎటు వినపడుతోందో నిలబడి వినండి, రోడ్డు కూడా అటే.

మట్టి సీసాలో నింపుకుని తీసుకెళ్ళే అలవాటు కొందరికుంది. వద్దు.

సరిగ్గా చూశారో లేదో ఇలా తెలుసుకోండి: ఒక నిలువు గోడ ముందు నిలబడి పై నుంచి కిందికి చూస్తే ఒకే ఎరుపు కాకుండా పసుపు, ఇటుక రంగు, ముదురు గోధుమ పట్టీలు వేరువేరుగా కనిపించాలి. కనపడకపోతే మీరింకా రోడ్డు అంచునే ఉన్నారు, ఇంకాస్త లోపలికి నడవండి. గంటన్నర చాలు. ఏడున్నర, ఎనిమిదికల్లా బయటపడాలి.

3. భీమిలిలో టిఫిన్, డచ్చివాళ్ళ సమాధులు

ఎనిమిదింటికి భీమిలి చేరి ముందు తినండి. ఇడ్లీ, పూరీ, ఉప్మా పెసరట్టు, ఏ చిన్న హోటలైనా ఫరవాలేదు, జనం ఎక్కువున్న చోటికి వెళ్ళండి.

తర్వాత డచ్ సమాధుల తోట. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు, 1825లో ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించేసి పోయారు. మిగిలింది ఈ సమాధులే. కొన్ని గోపురాల్లా సన్నగా పైకి లేచి ఉంటాయి, దూరం నుంచి చూస్తే ఏదో కోట తాలూకు ముక్కల్లా అనిపిస్తాయి. గేటుకి తాళం ఉంటే గోడ దూకకండి. పక్కన ఎవరినైనా అడగండి, తాళం ఎవరి దగ్గరుందో ఊళ్ళో వాళ్ళకి తెలుస్తుంది. తాళం దొరక్కపోయినా గోడ మీంచి చాలావరకు కనపడుతుంది.

దగ్గర్లోనే లైట్‌హౌస్, గంట స్తంభం. భీమిలి మున్సిపాలిటీ 1861లో ఏర్పడింది, దేశంలోనే రెండోదని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్తారు. ఇప్పుడు చూస్తే నిద్రపోతున్న ఊరిలా ఉంటుంది, నాకు ఆ నిద్రే ఇష్టం.

గోస్తని నది సముద్రంలో కలిసే చోటికి తప్పకుండా నడవండి. ఇదే గోస్తని పైన కొండల్లో బొర్రా గుహల్ని తొలిచింది, దారిలో తాటిపూడి దగ్గర ఆగి వైజాగ్ వాళ్ళకి తాగే నీళ్ళు ఇస్తుంది, చివరికి ఇక్కడికొచ్చి ఇసుక తిన్నెల మధ్య సన్నగా జారిపోతుంది. పొద్దున్న పూట పడవలు వచ్చి ఉంటే వలల్లోంచి చేపలు తీస్తుంటారు, దూరంగా నిలబడి చూడండి, పని మధ్యలోకి ఫోన్ పట్టుకుని వెళ్ళకండి.

హెచ్చరిక: నది మొగలో దిగొద్దు. మోకాలి లోతే ఉంది కదా అనిపిస్తుంది. నది నీళ్ళు బయటికి లాగుతుంటాయి, కింద ఇసుక ప్రతి వానకీ జాగా మారుతుంది, నిన్న నడిచిన చోట ఇవాళ గొయ్యి ఉంటుంది.

ఇంకా ఓపికుంటే పావురాళ్ళకొండ ఉంది, లక్ష్మీనరసింహస్వామి గుడి, పైన బౌద్ధ శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. మెట్లెక్కాలి. కానీ తొట్లకొండ చూడబోతున్నారు కాబట్టి మొదటిసారి వచ్చిన వాళ్ళు ఇది వదిలేయొచ్చు.

4. బావికొండ (కావాలంటేనే)

వెనక్కి వస్తూ తిమ్మాపురం దగ్గర లోపలికి తిరగాలి. 1980లలో ఇక్కడ తవ్వినప్పుడు ఒక మట్టి పాత్రలో బూడిదతో పాటు ఎముక ముక్క దొరికింది, బుద్ధుడి ధాతువు, అంటే ఆయన శరీర అవశేషం, కావచ్చని అంటారు. జనం చాలా తక్కువ. నిశ్శబ్దం ఇష్టమైతే వెళ్ళండి, పిల్లలుంటే వద్దు, వాళ్ళకి ఒక బౌద్ధ కొండ సరిపోతుంది. రెండింట్లో ఒక్కటే అంటే నేను తొట్లకొండే అంటాను.

5. మంగమారిపేట రాతి తోరణం: ఆటు టైములో

ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళలో సగం మందికి కనపడదు. తొట్లకొండకి తిరిగే చోటికి దగ్గర్లోనే, సముద్రం వైపు, ఒడ్డున రాయిలో అలలు తొలిచిన సహజ తోరణం. తిరుమలలో శిలాతోరణం చూసిన వాళ్ళు అంత పెద్దది ఊహించుకుని రావద్దు, ఇది చిన్నది, కానీ అలల మధ్య నిలబడటం వల్ల దీని అందం దీనిది.

రోడ్డు పక్కన బండి ఆపి ఇసుకలోంచి నడవాలి. ముందు ఒడ్డునే నిలబడి పది నిమిషాలు ఊరికే చూడండి. నేను వాచీ పెట్టి మరీ చూస్తాను. అలలన్నీ ఒకేలా రావు. అయిదారు చిన్న అలల తర్వాత రెండు మూడు పెద్దవి వరసగా వస్తాయి, ఆ పెద్దవి ఎక్కడిదాకా తాకుతున్నాయో చూసి, దానికి ఇవతలే ఉండండి. చిన్న అల చూసి లోపలికి వెళ్ళి పెద్ద అలకి రాయికి కొట్టుకున్న వాళ్ళున్నారు.

దిగొచ్చో లేదో తేల్చే పరీక్ష: తోరణం సందులోంచి అవతల ఆకాశం, కింద తడి ఇసుక రెండూ కనపడుతున్నాయా? పెద్ద అల వచ్చినప్పుడు కూడా ఆ ఇసుక మీద నీళ్ళు పాదం దాటట్లేదా? రెండిటికీ అవునైతే దగ్గరికి వెళ్ళండి. ఒక్కటి కాకపోయినా అక్కడే ఆగిపోండి. ఇంకో గుర్తు, రాయి మీద తడి గీత చూడండి. తడి గీత కన్నా నీళ్ళు కిందికి ఉండి, ఆ గీత పైభాగం ఆరుతూ ఉంటే సముద్రం ఇంకా వెనక్కి వెళ్తోంది, మీకు టైముంది. ఆరిన రాయి మళ్ళీ తడుస్తోందంటే పోటు మొదలైంది, వచ్చేయండి.

పచ్చగా పాచి పట్టిన రాయి మీద అడుగు వేయకండి, ఎంత మంచి బూటైనా జారుతుంది. తోరణం పైకి ఎక్కడం అసలే వద్దు. ఎక్కి ఫొటోలు దిగేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. అలలు ఎలాగూ దాన్ని అరగదీస్తున్నాయి, మన బరువు కూడా ఎందుకు దానికి? కంచె గానీ బోర్డు గానీ పెట్టి ఉంటే దాటొద్దు.

స్థానిక జాలరులు ఎవరైనా "ఇప్పుడొద్దు బాబూ" అన్నారంటే యాప్ ఏం చెప్పినా సరే వెనక్కి వచ్చేయండి. యాప్ చెప్పేది నీటి మట్టం మాత్రమే, గాలీ అలల ఉద్ధృతీ దానికి తెలియవు.

6. భోజనం, నీడలో విశ్రాంతి

పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా ఏమీ చూడకండి. రుషికొండ చుట్టుపక్కల తినడానికి బోలెడు చోట్లు. వంజరం, చందువ తాజాగా ఉంటాయి, కిలో లెక్కన వేయించి ఇస్తామన్న చోట మాత్రం తూకం, రేటు ముందే అడగండి. ఈ రెండు గంటలు "వేస్ట్" అనుకుని ఇంకో చోటు ఇరికించే వాళ్ళు సాయంత్రానికి కారులో నిద్రపోతారు.

7. తొట్లకొండ: మూడింటికి

మధ్యాహ్నం మూడింటికి ఎక్కండి, అయిదింటికి మూసే లోపు ఒకటిన్నర గంట దొరుకుతుంది. కొండ ఎత్తు 128 మీటర్లు, పైదాకా రోడ్డుంది. నడిచి ఎక్కాలనుకుంటే కూడా బానే ఉంటుంది, ఆ టైములో ఎండ తగ్గుముఖం పడుతుంది.

ఈ చోటు బయటపడిన తీరే చిత్రం. నేవీ వాళ్ళు తమ అవసరాల కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే కొండ మీద కట్టడాల గుర్తులు కనపడ్డాయి. తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి కొన్నేళ్ళు తవ్వితే రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ ఆరామం, అంటే భిక్షువులు ఉండే చోటు, మొత్తం తేలింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి, అంటే ఈ కొండ కింద ఓడలు ఆగేవన్నమాట.

చాలామంది పైకెళ్ళి "ఏముంది, పునాదులే కదా" అని సముద్రంతో సెల్ఫీ దిగి పది నిమిషాల్లో దిగిపోతారు. అలా కాకుండా ఈ వరసలో చూడండి. ముందు తొట్లు: రాతిని తొలిచి చేసిన నీటి గుంటలు, కొండకి పేరు వచ్చింది వీటి వల్లే. కొండ మీద పడిన వాన అంతా ఎటు జారి వీటిలోకి వస్తుందో రాతి వాలుని కళ్ళతో వెంబడించి చూడండి, సగం కథ అక్కడే అర్థమవుతుంది. తర్వాత విహారాల గదులు, ఒక్కో భిక్షువుకి ఒక్కో చిన్న గది, లోపల నిలబడి చేతులు చాచి చూడండి ఎంత ఇరుకో. తర్వాత ఒక చివర గుండ్రంగా ఉండే చైత్యగృహాలు, అంటే ప్రార్థన మందిరాలు. చివరికి మహాస్తూపం.

ఇటుకల మీద కూర్చోవద్దు, ఎక్కొద్దు. పిల్లలకి ముందే చెప్పండి, వాళ్ళకి అది మెట్ల ఆటలా కనపడుతుంది.

పరీక్ష: దిగే ముందు మీ పక్కనున్న వాళ్ళని "వీళ్ళు నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళు?" అని అడగండి. చేయెత్తి తొట్లని చూపించారంటే మీరు బాగా తిప్పినట్టు.

8. రుషికొండలో అరగంట

2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్, లైఫ్‌గార్డులుంటారు. ఈ రోడ్డులో ఎక్కడైనా నీళ్ళలో దిగాలనుకుంటే ఇక్కడే దిగండి, అదీ వాళ్ళు చూపించిన చోటే. మన తీరంలో అలతో పాటు వెనక్కి లాగే ప్రవాహం గట్టిది. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక బయటికి రండి. ఈత రాని వాళ్ళు మోకాలు దాటి వెళ్ళకండి, ఇందులో ధైర్యం చూపించాల్సింది ఏమీ లేదు.

9. సాయంత్రం: కురుసుర, అక్కడితో రోజు పూర్తి

సబ్‌మెరైన్ మ్యూజియం మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. పొద్దున్న పదింటికి వచ్చి గేటు చూసి వెళ్ళిపోయే వాళ్ళని ప్రతి వారం చూస్తాను. మన వరసలో అది చివర్లో రావడం ఇందుకే కలిసొస్తుంది. ఆదివారం అయితే క్యూ చాంతాడంత.

ఐఎన్ఎస్ కురుసుర 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విరమించాక 2002లో ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతల్లోంచి దూరాలి. ముందు ఒక కాలు, తర్వాత తల వంచి నడుము, తర్వాత రెండో కాలు. ఈ వరస తప్పితే నెత్తి బొప్పి కట్టడం ఖాయం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళనీ, ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపించే వాళ్ళనీ బలవంతం చేయొద్దు, ఎదురుగా రోడ్డుకి అవతల టీయూ-142 అనే పాత నేవీ విమానం ఉంది, అది చూస్తూ కూర్చోమనండి. లోపల చెప్పేది రిటైరైన నేవీ వాళ్ళే, తొందరపడకుండా వినండి, పడకలు చూపించి టార్పెడోల పక్కనే ఎలా పడుకునేవాళ్ళో చెప్తారు.

బయటికొచ్చాక బీచ్‌లో ముంత మసాలా, మొక్కజొన్న పొత్తు. కైలాసగిరి ఎక్కలేదే అని బాధపడకండి, ఇంకా టైమూ ఓపికా ఉంటే కురుసురకి ముందు ఒక గంట అక్కడ పెట్టొచ్చు, రుషికొండ నుంచి వచ్చే దారిలోనే ఉంటుంది.

ఎక్కువగా వచ్చే ప్రశ్నలు

"యారాడ, డాల్ఫిన్స్ నోస్ కూడా కలిపేయొచ్చా?" కుదరదు. అవి సిటీకి అవతలి వైపు, హార్బర్ చుట్టూ తిరిగి వెళ్ళాలి. వేరే రోజు.

"సింహాచలం?" అది కూడా ఇటు దారిలో లేదు. తెల్లారి దర్శనం చేసుకుని వస్తామంటే ఆ రోజు దిబ్బలు పొద్దున్న చూడలేరు, సాయంత్రం నాలుగున్నరకి పెట్టుకోండి. రంగు పొద్దుటంత కాకపోయినా బానే ఉంటుంది. కానీ చీకటి పడక ముందే లోయలోంచి బయటికి వచ్చేయాలి.

"బొర్రా గుహలు, అరకు?" ఘాట్ రోడ్డు, వెళ్ళడానికే మూడు గంటలు. ఒకే రోజులో భీమిలీ బొర్రా రెండూ అని ప్యాకేజీ అమ్ముతున్నారంటే, మీకు కారు కిటికీ చూపిస్తారని అర్థం.

"బైక్ మీద చేయొచ్చా?" చేయొచ్చు, నాకు అదే ఇష్టం. చీకటి పడ్డాక బీచ్ రోడ్డు మీద కుర్రాళ్ళ స్పీడు చూసి పక్కకి తప్పుకోండి. మలుపుల దగ్గర గాలికి ఇసుక రోడ్డు మీదికి కొట్టుకొస్తుంది, అక్కడ బ్రేకు గట్టిగా నొక్కితే బండి జారుతుంది.

"సగం రోజే ఉంటే?" పొద్దున్న దిబ్బలు, భీమిలి టిఫిన్, ఆటు కలిసొస్తే తోరణం. పదకొండుకి హోటల్లో ఉంటారు. సాయంత్రం సగమే ఉంటే తొట్లకొండ, కురుసుర.

ఇంకొక్క విషయం, ఇల్లు చేరాక. దిబ్బల్లో తిరిగిన బూట్లనీ ప్యాంటు అంచుల్నీ వెంటనే నీళ్ళలో ముంచకండి, ఆ ఎరుపు బట్టలోకి దిగిపోతుంది. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న బయట గట్టిగా దులిపి, పొడి బ్రష్షుతో రుద్ది, ఆ తర్వాతే ఉతకండి. కారు మ్యాట్లు కూడా అంతే. మా మ్యాట్ల మీద బావగారి పిల్లల పాదాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.